ఓడ జాడ ఉపగ్రహానికి తెలిస్తే చాలదు, వల వేసినవాడికి తెలియాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను మర్చంట్ నేవీలో రేడియో ఆఫీసర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మాది భీమిలి దగ్గర మత్స్యకార కుటుంబం. నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవారు. ఇప్పుడు మా మేనల్లుళ్ళు ఫైబర్ బోట్ల మీద వెళ్తున్నారు. ఓడ మీంచి బోటు ఎలా కనిపిస్తుందో, బోటు మీంచి ఓడ ఎలా కనిపిస్తుందో రెండూ చూసినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్న ఉపగ్రహంలోనే కంప్యూటర్ పెట్టి, సముద్రం మీద ఓడల్ని అక్కడికక్కడే కనిపెట్టే పని ఈ పదిహేనేళ్ళలో చాలా దూరం వచ్చింది. అందులో మన శ్రీహరికోట పాత్ర చిన్నదేం కాదు. హైదరాబాద్ కుర్రాళ్ళూ ఈ పనిలో ఉన్నారు. ఆ సమాచారం నేవీలకీ కోస్ట్ గార్డులకీ వెళ్తుంది. డబ్బు కట్టి కొనుక్కునే షిప్పింగ్ కంపెనీలకీ సరుకు వ్యాపారులకీ వెళ్తుంది. రాత్రిపూట నడిసముద్రంలో వల వేసి కూర్చున్న బోటు దగ్గరికి మాత్రం రాదు. అక్కడిదాకా తీసుకురావడానికి కావలసిన సామగ్రి దాదాపు అంతా మన దగ్గరే ఉంది. కలిపేవాళ్ళే కావాలి.

ఓడలు తమ జాడ ఎలా చెప్పుకుంటాయో ముందు చెబుతాను. విదేశాలకు తిరిగే 300 టన్నులు, ఆపైన ఉన్న ప్రతి ఓడలోనూ ఏఐఎస్ అనే పరికరం ఉండాలి. 2004 చివరికల్లా ఇది ప్రపంచమంతటా తప్పనిసరి అయింది. అది వీహెచ్ఎఫ్ రేడియోలో కొన్ని సెకన్లకోసారి ఓడ నంబరు, ఉన్న చోటు, వేగం, దిశ చెబుతూ ఉంటుంది. నంబరు తొమ్మిది అంకెలది, మన దేశపు ఓడలైతే 419తో మొదలవుతుంది. ఓడ పేరు, వెళ్ళే రేవు కొన్ని నిమిషాలకోసారి వస్తాయి. ఓడ నడిపే గదిని బ్రిడ్జి అంటారు, దాని మీద స్క్రీన్‌లో చుట్టుపక్కల ఓడలన్నీ చిన్న చిన్న త్రికోణాల్లా కనిపిస్తాయి. ఒకదాని మీద నొక్కితే పేరూ ఊరూ వస్తాయి. వెళ్ళే రేవు పేరు మాత్రం మనిషి చేత్తో కొట్టాలి. పని ఒత్తిడిలో అది మార్చడం మర్చిపోతారు. విశాఖలో సరుకు దించి వారమైన ఓడ ఇంకా విశాఖకే వస్తున్నానని చెబుతూ ఉంటుంది.

ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు ఇది. అందుకే మాట ఇరవై ముప్ఫై నాటికల్ మైళ్ళు దాటి వినపడదు. లైట్‌హౌసుల మీద పెట్టిన టవర్లు ఎత్తులో ఉంటాయి కాబట్టి మరికొంత దూరం వింటాయి. అంతకు అవతల నడిసముద్రంలో ఓడ ఏం చేస్తోందో ఒడ్డుకు తెలిసేది కాదు.

ఆ కొరత తీర్చిన మొదటి చిన్న ఉపగ్రహాల్లో ఒకటి మన గడ్డ మీంచే లేచింది. 2010 జులై 12న పీఎస్ఎల్వీ-సీ15 శ్రీహరికోట నుంచి వెళ్ళింది. అందులో పెద్దది కార్టోశాట్-2బి. బెంగళూరు, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కట్టిన స్టడ్‌శాట్ కూడా ఉండటంతో మనవాళ్ళం ఆ ప్రయోగం గురించి గొప్పగా చెప్పుకున్నాం, చెప్పుకోవలసిందే. వాటి పక్కన నార్వేవాళ్ళ ఏఐఎస్‌శాట్-1 కూడా ఉంది. ఒక్కో పక్క 20 సెంటీమీటర్ల పెట్టె, బరువు ఆరు కిలోల పైచిలుకు. కట్టింది కెనడాలో టొరంటో యూనివర్సిటీ ప్రయోగశాల, కట్టించుకుంది నార్వే రక్షణ పరిశోధనా సంస్థ. సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం మీద కన్నేసి ఉంచాల్సిన దేశం అది. పడవలూ విమానాలూ ఎన్నని తిప్పుతుంది? మూడేళ్ళు పనిచేస్తే చాలనుకున్న ఆ పెట్టె పదేళ్ళు దాటి పనిచేసింది.

అందులో నన్ను బాగా ఆకట్టుకున్నది రేడియో రిసీవరు. పైనుంచి ఓడల మాట వినడం మనం అనుకున్నంత తేలిక కాదు. ఏఐఎస్‌లో ఒక్కో చానల్లో నిమిషాన్ని 2,250 ముక్కలు చేస్తారు. ఒకరి మాట ఒకరికి వినపడే ఓడలు తమలో తాము సర్దుకుని, ఎవరి ముక్కలో వాళ్ళు మాట్లాడతాయి. కాకినాడ దగ్గరి ఓడకీ సింగపూర్ దగ్గరి ఓడకీ ఒకదాని మాట ఇంకొకదానికి వినపడదు కాబట్టి రెండూ ఒకే ముక్క వాడుకున్నా గొడవ లేదు. ఆరు వందల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహానికి మాత్రం అవి రెండూ ఒకేసారి చెవిన పడతాయి. తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట మధ్య నిలబడి ఒక్కరి పాటే పట్టుకోవాలంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది దాని పని. ఉత్తరాన ఓడలు పలచగా ఉంటాయి కాబట్టి నార్వే ముందు అక్కడ నెగ్గింది. ఆ రిసీవరు పనితీరంతా సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. మెరుగైన పద్ధతి దొరికినప్పుడు కిందినుంచి పైకి పంపి మార్చుకోవచ్చు. వాల్వు సెట్ల కాలం సీనియర్ల దగ్గర పని నేర్చుకున్న నాకు, కక్ష్యలో తిరుగుతున్న రిసీవరుకి కొత్త విద్య నేర్పవచ్చన్న సంగతి ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను.

ఆ తర్వాత 2011లో వెళ్ళిన మన రిసోర్స్‌శాట్-2 మీద కెనడా కంపెనీ ఏఐఎస్ పరికరం వెళ్ళింది. కెనడా వాళ్ళ ఎం3ఎంశాట్ 2016లో పీఎస్ఎల్వీ-సీ34 మీద వెళ్ళింది. స్పైర్ అనే కంపెనీ లెమూర్ ఉపగ్రహాలు నాలుగైదు కిలోలవి. ఓడల సంకేతాలు వినే ఈ బుల్లి పెట్టెలు మన పీఎస్ఎల్వీల మీద ఎన్నో వెళ్ళాయి. 2017 ఫిబ్రవరిలో ఒకే రాకెట్ మీద 104 ఉపగ్రహాలని పండగ చేసుకున్నామే, అందులో ఎనిమిది అవే.

ఇవన్నీ వినే చెవులు. ఓడే నోరు మూసుకుంటే చెవులేం చేస్తాయి? ఏఐఎస్ స్విచ్ ఆపేసి తిరిగే ఓడలున్నాయి. దొంగతనంగా చేపలు పట్టేవి, ఆంక్షలున్న చమురు మోసేవి, సముద్రం మధ్యలో సరుకు మార్చుకునేవి. ఉపగ్రహ రాడార్ చిత్రాలతో పోల్చి చూసిన ఒక అధ్యయనం 2024 జనవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ప్రపంచంలోని పారిశ్రామిక స్థాయి చేపల ఓడల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఏఐఎస్ లాంటి బహిరంగ వ్యవస్థల్లో కనిపించడం లేదని అందులో తేలింది. అందుకే చెవులతోపాటు కళ్ళూ కావాలి. కంప్యూటర్ ఉపగ్రహంలోనే ఉండాలన్న మాట ఇక్కడే బలంగా ముందుకొస్తుంది.

కారణం టైము. 500 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది. ఒక గ్రౌండ్ స్టేషన్ మీదుగా వెళ్ళేటప్పుడు దానితో మాట్లాడటానికి దొరికేది మహా అయితే పది నిమిషాలు. కెమెరా తీసిన బొమ్మలన్నీ ఆ పది నిమిషాల్లో దించాలంటే కుదరదు, క్యూ పడుతుంది. దించాక ఎవరో కూర్చుని అందులో ఓడల్ని వెతకాలి. ఈలోగా 14 నాట్లతో పోయే ఓడ గంటకి 26 కిలోమీటర్లు పోతుంది. నాలుగు గంటల తర్వాత అది ఇక్కడుందని చెబితే, అప్పటికి వంద కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఉపగ్రహమే బొమ్మ చూసి, మబ్బు పట్టిన ముక్కల్నీ ఖాళీ నీళ్ళనీ అక్కడే పారేసి, ‘ఫలానా చోట ఇంత పొడవు ఓడ, ఇటు పోతోంది’ అని నాలుగు ముక్కలు పంపితే అది ఎస్సెమ్మెస్ అంత. చిన్న యాంటెన్నాతో, ఇంకో ఉపగ్రహం ద్వారా అయినా సరే, నిమిషాల్లో కిందికి పంపవచ్చు.

ఇది ఊహ కాదు. 2020 సెప్టెంబరులో యూరప్‌వాళ్ళు పంపిన ఫై-శాట్-1 మీద ఇంటెల్ చిప్ ఒకటి కక్ష్యలోనే మబ్బుల బొమ్మల్ని వేరుచేసింది. 2024 ఆగస్టులో పంపిన ఫై-శాట్-2కి కక్ష్యలోనే ఓడల్ని గుర్తించే ప్రోగ్రాం కూడా ఇచ్చారు. దాని కొలతలు 33, 22, 10 సెంటీమీటర్లు, అంతే. మన హైదరాబాద్‌కి చెందిన టేక్‌మీటుస్పేస్ సంస్థ 2024 డిసెంబరు 30న వెళ్ళిన పీఎస్ఎల్వీ-సీ60 చివరి దశ మీద తన పరికరాన్ని పంపింది. డేటాని అంతరిక్షంలోనే ప్రాసెస్ చేసి చూపడం దాని లక్ష్యం. గాలి లేని చోట చిప్ వేడిని ఫ్యాన్ చల్లార్చదు, రేడియేషన్ తగిలి మెమరీలో అంకెలు తారుమారవుతాయి, కరెంటు సోలార్ పలకల నుంచి పిసరంతే వస్తుంది. ఆ ఇరుకులో పనిచేసి చూపించేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు.

మరి ఇవన్నీ మా బోట్లని చూడగలవా? నా ఆవేదన అంతా ఇక్కడే.

ఫై-శాట్-2 కెమెరాలో ఒక్కో చుక్క నేల మీద దాదాపు అయిదు మీటర్లు. మూడు వందల మీటర్ల ట్యాంకరు అందులో అరవై చుక్కల పొడుగు ఉంటుంది. మా తొమ్మిది మీటర్ల ఫైబర్ బోటు రెండు చుక్కలు. నురగ తిరిగిన అల కూడా రెండు చుక్కలే. పెద్ద ఓడల బొమ్మలు చూపి నేర్పిన ప్రోగ్రాంకి మా బోటు కనిపించదు, కనిపించినా అనుమానం తెచ్చిపెడుతుంది. ఎందుకంటే చిన్న బోటుకి ఏఐఎస్ ఉండాలన్న నియమం లేదు. బొమ్మలో ఉండి ఏఐఎస్‌లో లేని ప్రతిదాన్నీ ‘చీకటి ఓడ’ జాబితాలో వేసుకుంటూ పోతే, పొట్ట కోసం వేటకెళ్ళిన మా కుర్రాళ్ళు స్మగ్లర్ల పక్కన నిలబడాల్సి వస్తుంది.

మబ్బుల సంగతి ఇంకొకటి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆకాశం కాస్త తేటగా ఉండే రోజుల్లో బోట్లు ఒడ్డున ఉంటాయి. బోట్లు కడలిలోకి దిగేసరికి నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి. మామూలు కెమెరా ఉపగ్రహం మా వేట కాలంలో సగం రోజులు గుడ్డిదే. మనకి కావలసింది మబ్బుల్లోంచీ చీకట్లోనూ చూసే రాడార్ ఉపగ్రహం. వంద కిలోల లోపు బరువుతో అలాంటిది సాధ్యమని 2018 జనవరిలో ఫిన్లాండ్ కంపెనీ ఐసై నిరూపించింది. దాన్నీ పైకి పంపింది మన పీఎస్ఎల్వీ-సీ40యే.

ఇంత పట్టుబట్టి ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. పెద్ద ఓడ బ్రిడ్జి మీద నిలబడితే ముక్కు ముందు కొంత సముద్రం అసలు కనిపించదు. అంతర్జాతీయ నియమాల ప్రకారమే ఓడ పొడవుకి రెండింతలు లేదా 500 మీటర్లు, ఏది తక్కువైతే అంత మేర ముందు నీళ్ళు కనిపించకపోయినా తప్పు లేదు. ఫైబర్ బోటు రాడార్‌కి సరిగా తగలదు. అలలు ఎక్కువగా ఉన్నప్పుడు స్క్రీన్ మీద అలల మచ్చల్లో కలిసిపోతుంది. ఒకవేళ కనిపించినా, పూర్తి వేగంతో పోయే ఓడ ఆగాలంటే కొన్ని కిలోమీటర్లు కావాలి.

అటు బోటు సంగతి చూడండి. రాత్రి వల నీళ్ళలో దింపాక అది కిలోమీటరు, రెండు కిలోమీటర్ల పొడుగున పరుచుకుని ఉంటుంది. వల చివర జెండా కర్ర, దానికో లైటు. బోటు మీద బ్యాటరీ లైటొకటి వెలుగుతుంటుంది. ఒకడు మేలుకుంటాడు, మిగతావాళ్ళు తాడు చుట్టల మీదే నడుం వాలుస్తారు. దూరాన ఓడ దీపాలు కనిపించినప్పుడు అది తమ మీదికి వస్తోందో పక్కనుంచి పోతోందో తేలడానికి కొంతసేపు పడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు రెండూ కలిసి కనిపించాయంటే నేరుగా వస్తున్నట్టే. అప్పుడు వల లాగడానికి టైము ఉండదు. వల కోసెయ్యాలి, లేదా దణ్ణం పెట్టుకుని కూర్చోవాలి. వల లాగడానికి గంట పడుతుంది. కాబట్టి హెచ్చరిక రావలసింది గంట ముందు, ఇంకా ముందైతే మరీ మేలు.

మూడేళ్ళ కిందట మా మేనల్లుడి వల ఇలాగే పోయింది. తెల్లారి ఒడ్డుకొచ్చి, ‘మావయ్యా, ఆ ఓడ నా వల మీంచే ఎల్లిపోనాది. దాని పేరైనా సదవనేకపోనాను’ అన్నాడు. వల అప్పు చేసి కొన్నది. టైమూ చోటూ వాడి జీపీఎస్‌లో ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం ఆఫీసుల చుట్టూ తిరిగాం. అంత దూరంలో ఆ వేళకి ఏ ఓడ పోయిందో మా దగ్గర రికార్డు లేదన్నారు ఒక చోట. ఉన్నా మీకు ఇవ్వకూడదన్నారు ఇంకో చోట. ఆ గంటలో ఆ చోటు మీదుగా పోయిన ఓడల జాబితా అడిగితే ఇచ్చే ఏర్పాటు ఉంటే వాడు నష్టపరిహారం కోసం కనీసం ఒక అర్జీ పెట్టుకోగలిగేవాడు. వాడిది వల. ప్రాణాలే పోయినవాళ్ళున్నారు. 2021 ఏప్రిల్లో మంగళూరుకి దూరంగా సింగపూర్ కంటైనర్ ఓడ తగిలి చేపల బోటు మునిగితే, అందులో ఉన్న 14 మందిలో ఇద్దరే బతికి బయటపడ్డారు.

ఇప్పుడు బోటు వైపు ఏముందో చూద్దాం. 364 కోట్లతో లక్ష బోట్లకి ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టులో మొదలుపెట్టింది. ఇస్రో తయారుచేసిన ఈ పెట్టె జీశాట్-6 ఉపగ్రహంతో మాట్లాడుతుంది. సెల్ టవర్ అందని చోటునుంచి కూడా బోటు ఎక్కడుందో ఒడ్డుకి చెబుతుంది. ఒడ్డునుంచి వచ్చే మెసేజీ బోటు నడిపే సరంగు ఫోన్‌లో చూసుకోవచ్చు. తుపాను కబురు, సరిహద్దు దగ్గరపడిందన్న కబురు దాని మీదే వస్తాయి. సరిహద్దు కబురు విలువ ఉత్తరాంధ్రలో ఎవరినడిగినా చెబుతారు. గుజరాత్ బోట్లలో కూలికి వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2018లో గీత దాటారని పాకిస్తాన్ పట్టుకుపోయింది. వాళ్ళలో 20 మంది వాఘా దగ్గర మన గడ్డ మీద కాలు పెట్టింది 2020 జనవరిలో. అన్నాళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పడిన టెన్షన్ మేం చూశాం.

అంటే ఓడ జాడ చెప్పే చిన్న ఉపగ్రహాలున్నాయి, బోటు జాడ చెప్పి మెసేజీ అందుకునే పెట్టె ఉంది. ఈ రెండింటినీ ఒకచోట కలిపి, ‘మీకు ఈశాన్యం నుంచి పెద్ద ఓడ వస్తోంది, గంటంపావులో మీ వల దగ్గరికి చేరుతుంది’ అని తెలుగులో పంపే ఏర్పాటు కావాలని నేను అడుగుతున్నాను. అదే కబురు ఆ ఓడ బ్రిడ్జికీ వెళ్ళాలి. ఉపగ్రహం నుంచి ఓడకి కబురు పంపే వీడీఈఎస్ అనే పద్ధతిని నార్వే 2017లో పంపిన నార్‌శాట్-2 మీద పరీక్షించింది కూడా. లెక్క పెద్దదేం కాదు. రెండు చోట్లు, రెండు వేగాలు, రెండు దిశలు. చేపలెక్కడ దొరుకుతాయో, సముద్రం ఎప్పుడు పోటెత్తుతుందో రోజూ చెబుతున్న ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. ఉపగ్రహాల డేటా దించుకునే కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. ఓడల కదలికలన్నీ చూసే నేవీ కేంద్రం గురుగ్రామ్‌లో ఉంది. వీళ్ళు ముగ్గురూ ఒక టేబుల్ దగ్గర కూర్చోవాలి. కూర్చోబెట్టమని మన రాష్ట్ర ప్రభుత్వం, మన ఎంపీలు అడగాలి.

దాంతోపాటు మన బోట్ల బొమ్మలు ఉపగ్రహ ప్రోగ్రాంలకి నేర్పాలి. ఫైబర్ బోటు, మరబోటు, సోనా బోటు పైనుంచి ఎలా ఉంటాయో, వరుసగా వల వేసుకున్నప్పుడు ఎలా ఉంటాయో చూపించాలి. ట్రాన్స్‌పాండర్ చెప్పిన చోటునీ బొమ్మలో కనిపించిన చుక్కనీ జతచేస్తే ప్రోగ్రాంకి అంతకన్నా మంచి పాఠం ఉండదు. అనుమానాల జాబితాలోంచి మా బోట్లు బయటపడే దారీ అదే.

ఒక షరతు మాత్రం గట్టిగా చెప్పాలి. మా వాళ్ళలో చాలామంది ట్రాన్స్‌పాండర్ అంటే జంకుతున్నారు. కొందరికి కేసులు పెడతారని భయం. అంతకన్నా పెద్ద భయం వేట చోటు బయటపడుతుందని. చేప పడే చోటు తండ్రి కొడుక్కి చెప్పుకునే ఆస్తి. పక్క బోటు వాడికి కూడా చెప్పరు. ఆ వివరాలు ఇంకో బోటు యజమాని చేతికో, ఎగుమతి వ్యాపారి చేతికో వెళ్ళాయంటే మర్నాడే పెట్టె వైరు పీకేస్తారు, నేను వాళ్ళని తప్పుపట్టను. ప్రాణరక్షణకి తప్ప ఇంకెందుకూ వాడబోమని, ఎవరికీ అమ్మబోమని, చూసే అధికారం ఎవరెవరికి ఉందో ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పి జెట్టీ దగ్గర బోర్డు పెట్టాలి.

రాష్ట్రమంతా ఒక్కసారి చెయ్యమని అడగడం లేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనో కాకినాడలోనో మొదలుపెట్టండి. నిషేధం రెండు నెలలూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, ఇంజన్ పనులూ వల అల్లకాలూ సాగుతూ ఉంటాయి, సరంగులందరూ అందుబాటులో ఉంటారు. పెట్టెలు బిగించడానికి, మెసేజీ వస్తే ఏం చెయ్యాలో నేర్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేర్పడానికి నాలాంటి రిటైరైన ఓడ మనుషులు ఈ తీరంలో చాలామందే ఉన్నాం. జీతం అడగం, పిలిస్తే వస్తాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత రేడియో ఆఫీసర్,
భీమిలి, విశాఖపట్నం జిల్లా